బావిలో పూడిక, బండిలో తుప్పు



గత నెల ఈ శీర్షికలో వంటింటి గ్యాసు సిలిండరు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను గూర్చి వ్రాసాము. ఈ నెల మోటారు సైకిలు గురించి వ్రాయమని కొందరు గ్రామ సంఘస్థులు అడిగారు. అందరి ప్రశ్నా దాదాపు ఒక్కటే. "కార్బొరేటరు బాగు చేయించి రెండు నెలలు కాలేదు, మళ్ళీ అదే బాధ. సామాను మార్చినప్పుడల్లా నాలుగు రోజులు బాగుంటుంది, తరువాత దారిలో ఆగిపోతుంది. ఏమి చేయాలి?" అని.

ఈ ప్రశ్నకు జవాబు మాకు తెలుసు. అయితే అది మేము పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు, సిగ్గుపడి నేర్చుకున్నది. కనుక జరిగినది జరిగినట్టే వ్రాస్తున్నాము.

మేము కొండపాక ప్రాంతంలో సంఘ పరిచర్య చేస్తున్నప్పుడు మా దగ్గర పన్నెండేళ్ళ పాత బండి ఒకటి ఉండేది. కార్బొరేటరు ఉన్న వంద సి.సి. బండి. ఒక ఊరిలో ఉదయం ఆరాధన, ఇంకొక ఊరిలో మధ్యాహ్నం, సాయంత్రం గృహ ప్రార్థన కూడిక. బస్సులను నమ్ముకుంటే ఈ మూడూ ఒక్కరోజున జరగవు. ఆ బండే మాకు కాళ్ళు.

ఒక వర్షాకాలం నుండి అది మొరాయించడం మొదలుపెట్టింది. మెల్లగా పోతే పోతుంది, యాక్సిలరేటరు తిప్పితే దగ్గుతుంది. నిలబెట్టిన చోట కార్బొరేటరు నుండి పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతుంది. ఊరి మెకానిక్కు దగ్గరకు తీసుకొని వెళ్ళాము. అతడు పాతికేళ్ళ కుర్రవాడు, మన సంఘస్థుడు కాడు. తండ్రి లేడు, తల్లినీ చెల్లెలినీ ఆ చిన్న షెడ్డు మీదనే పోషిస్తున్నాడు. కార్బొరేటరు విప్పి కడిగి, నీడిల్, వాషర్లు క్రొత్తవి వేసాడు. బండి బాగైంది. నెలన్నరకు మళ్ళీ అదే వ్యాధి. మళ్ళీ విప్పాడు, జెట్లు మార్చాడు. ఈసారి మూడు వారాలే. మూడవసారి కార్బొరేటరునే క్రొత్తది వేయించాము. ఆ కాలమంతా లెక్క చూస్తే మా ఇంటికి నెల సరుకులకు అయ్యే సొమ్ము ఆ బండికే పోయింది.

రెండవసారి విప్పినప్పుడే ఆ కుర్రవాడు ఒక మాట అన్నాడు. "అయ్యగారు, ఒక్కపాలి ట్యాంకి విప్పి కడుగుదాం. రెండు దినాలు బండి నా తాన్నే ఉంచుండ్రి." మేము వినలేదు. రెండు రోజులు బండి లేకపోతే కూడికలు ఎలాగ అన్నాము. ఆ మాట అంతటితో మరచిపోయాము.

క్రొత్త కార్బొరేటరు వేయించిన నెలకు, ఒక రాత్రి ఎనిమిది గంటల వేళ కబురు వచ్చింది. దుద్దెడ అవతల ఒక గ్రామంలో మన సంఘ సభ్యుడైన వృద్ధుడు చివరి గడియలలో ఉన్నాడనీ, మమ్మల్ని అడుగుతున్నాడనీ. వెంటనే బయలుదేరాము. సగం దారిలో చెరువు కట్ట మీద బండి ఆగింది. కిక్కు కొట్టి కొట్టి కాలు వాచింది. ఆ దారిలో ఆ వేళ మరొక బండి రాలేదు. తోసుకుంటూ, నడుచుకుంటూ మేము చేరేసరికి ఇంటి ముందు జనం కూడి ఉన్నారు. ఆ పెద్దాయన అరగంట ముందే ప్రభువు నందు నిద్రించాడు. ఆయన భార్య మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీ కోసం వాకిలి దిక్కే సూసిండయ్యా" అని మాత్రం చెప్పింది.

మరునాడు సమాధి కార్యక్రమం ముగిసింది. తిన్నగా ఆ మెకానిక్కు షెడ్డుకు వెళ్ళాము. అది అంగడి రోజు. చుట్టూ జనం ఉన్నారు. మేము నోరు అదుపులో పెట్టుకోలేదు. "డూప్లికేటు సామాను వేసి ఒరిజినల్ డబ్బులు తీసుకుంటున్నావు, నీ వల్ల మేము ఒక మనిషి చివరి చూపుకు అందలేదు" అన్నాము. ఆ కుర్రవాడి ముఖం నల్లబడింది. "సామాను ఒరిజినలే అయ్యగారు. అట్టపెట్టె గూడ ఈడ్నే ఉన్నది, సూడుండ్రి" అన్నాడు. మేము చూడలేదు. వెనుదిరిగి వచ్చేసాము.

ఆ సాయంత్రం మన సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వచ్చాడు. వ్యవసాయదారుడు. సంగతి విని కాసేపు ఊరుకొని, "అయ్యగారూ, బాయిల పూడిక అట్లనే ఉంచి ఫుట్‌వాల్ మారిస్తె ఏం ఫాయిద? నాలుగొద్దులకు మల్ల మట్టి పట్టుకుంటది. ట్యాంకి సూసిండ్రా?" అన్నాడు.

చూడలేదు. మరునాడు ఆయన ఇంటి పెరట్లో ట్యాంకు దించాము. అందులోని పెట్రోలును తెల్లని గాజు సీసాలోకి వంచి కదపకుండా నీడలో ఉంచాము. గంట తరువాత చూస్తే సీసాలో రెండు పొరలు. పైన పెట్రోలు, అడుగున రెండు వేళ్ళ మందాన మసక నీరు. దాని కింద ఇటుక పొడి వంటి ఎర్రని తుప్పు. ట్యాంకు మూతలోని రబ్బరు ఎండి పగిలి ఉన్నది. టార్చిలైటు వేసి లోపలికి చూస్తే గోడలన్నీ పెచ్చులు కట్టి ఉన్నవి.

అప్పుడు అన్నీ జ్ఞాపకం వచ్చినవి. ఆ వర్షాకాలంలో మా తల్లిగారి వైద్యం నిమిత్తం రెండు నెలలు ఊరిలో లేము. బండిని చెట్టు కింద, వానలో, అడుగు పెట్రోలుతో వదిలి వెళ్ళాము. వచ్చిన తరువాత కూడా ఎప్పుడూ వంద రూపాయల పెట్రోలే, ఎప్పుడూ రిజర్వు మీదనే. సామాను పాడు చేసింది ఆ కుర్రవాడు కాదు, మేమే. అతడు వేసిన ప్రతి క్రొత్త వస్తువు మీదికీ మా ట్యాంకు నుండి తుప్పు దిగుతూనే ఉన్నది.

ఇక బండి విషయం కొంచెం వివరంగా చెప్పుకొందాము. పాఠకులు అడిగినది ఇదే గనుక.

ట్యాంకు నుండి పెట్రోలు కాక్ ద్వారా పైపులోనికి, అక్కడ నుండి కార్బొరేటరు గిన్నెలోనికి దిగుతుంది. గిన్నెలో ఫ్లోటు అనే తేలే ముక్క ఉంటుంది. గిన్నె నిండగానే అది పైకి లేచి, నీడిల్‌ను నొక్కి దారి మూస్తుంది. ఆ నీడిల్ మొనకు చిన్న తుప్పు రేణువు అడ్డం పడినా దారి పూర్తిగా మూసుకోదు. అప్పుడే పెట్రోలు పొంగి కారుతుంది. గిన్నెలో నుండి పెట్రోలు జెట్ల గుండా ఇంజనుకు పోతుంది. స్లో జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. అందులో మట్టి పడితే బండి నిలకడగా నిలవదు. మెయిన్ జెట్టులో పడితే యాక్సిలరేటరు తిప్పినప్పుడు దగ్గుతుంది. నీరు దిగితే ఉన్నట్టుండి ఆగిపోతుంది. పాడైనట్టు కనబడేది నీడిల్, జెట్టు. పాడు పుట్టేది మాత్రం పైన, ట్యాంకులో.

"ఇదంతా ఇథనాల్ పెట్రోలు వల్లనే" అని కొందరు అంటారు. మేము కూడా మా తప్పు తెలిసిన తరువాత కొన్నాళ్ళు ఆ మాటనే పట్టుకొన్నాము. నిజమెంతో చూద్దాము. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2022లో పది శాతానికి చేరింది. ఇరవై శాతం కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో ఆరంభమైంది. మొదట 2030కి పెట్టుకొన్న ఇరవై శాతం గురిని 2025లోనే అందుకొన్నారు. చెరకు నుండే గాక మనం పండించే మక్కల నుండి, బియ్యపు నూకల నుండి కూడా ఇథనాల్ తీస్తారు. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడవ వంతు తక్కువ. పాత తరహా ద్విచక్ర వాహనాలకు ఇరవై శాతం మిశ్రమం వల్ల మైలేజీ మూడు నాలుగు శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదిక చెప్పింది.

ఇథనాల్‌కు రెండు గుణాలు ఉన్నవి. ఒకటి, అది నీటిని తనలో కలుపుకొంటుంది. కొంతవరకు నీరు కలిసిపోయి ఇంజనులో వెళ్ళిపోతుంది. హద్దు దాటితే మాత్రం ఇథనాల్, నీరు రెండూ జతకట్టి పెట్రోలును విడిచి అడుగుకు దిగుతాయి. కాక్ ఉండేది అడుగుననే. మా సీసాలో రెండు వేళ్ళ మందాన కనబడినది ఒట్టి వాన నీరు కాదు, ఈ జతయే. రెండు, అది ట్యాంకులో అంటుకొని ఉన్న పాత మడ్డిని కదిలిస్తుంది, పాత బండ్ల రబ్బరు సామానును మెత్తబరచవచ్చు, ఉబ్బించవచ్చు. కొన్ని పాత వాహనాలకు ఇరవై, ముప్ఫై వేల కిలోమీటర్ల తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని ప్రభుత్వం కూడా 2025 ఆగస్టులో తెలిపింది. కనుక ఆ మాటలో కొంత నిజం ఉన్నది. అయితే మా ట్యాంకులోనికి వాన నీటిని పోసింది పెట్రోలు కాదు, పగిలిన మూతను చూడని మా నిర్లక్ష్యమే.

ఒకే భాగం రెండవసారి పాడైతే, మూడవది కొనకముందు ఈ పనులు చేయండి.

1. ట్యాంకులో నుండి కొంచెం పెట్రోలును గాజు సీసాలోకి తీసి గంటసేపు కదపకుండా ఉంచి చూడండి. పొరలు గాని, ఎర్రని మడ్డి గాని కనబడితే జబ్బు ట్యాంకులో ఉన్నట్టే. ఈ పని ఇంటి బయట, గాలి ఆడే చోట చేయాలి. దగ్గరలో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

2. ట్యాంకు మూత రబ్బరు చూడండి. పగిలితే వెంటనే మార్చండి. మూతలో గాలి ఆడే చిన్న దారి కూడా ఉంటుంది. అది మట్టితో మూసుకుంటే కొంత దూరం పోయాక బండి ఆగిపోతుంది. మూత తీసి పెట్టగానే మళ్ళీ నడిస్తే జబ్బు ఆ దారిలోనే ఉన్నదని తెలుసుకోవచ్చు.

3. ట్యాంకు తుప్పు పట్టితే దించి కడిగించాలి. చిన్న నట్లు వేసి ఊపి పెచ్చులు రాల్చి, తుప్పు తీసే ద్రావకంతో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే పెట్రోలు పోయాలి. తడి ఉండగా పోస్తే శ్రమంతా వృథా. చిల్లులు పడేంతగా తినివేస్తే ట్యాంకు మార్చడమే మేలు.

4. కాక్‌లోని జల్లెడ, పైపు, ఫిల్టరు ఒకేసారి చూడండి. గట్టిపడిన పైపును, జిగటగా మారిన పైపును ఉంచవద్దు. ఇవన్నీ శుభ్రమైన తరువాతనే కార్బొరేటరు విప్పించండి. చెరువు కట్ట తెగి ఉండగా కాలువ బాగు చేసి ఏమి లాభం?

5. బండిని ఎక్కువ రోజులు నిలపవలసి వస్తే నీడలో, వాన పడని చోట, ట్యాంకు నింపి పెట్టండి. ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువ, గాలిలోని తేమ చల్లని వేళ గోడలకు నీరై పడుతుంది. ఎప్పుడూ అడుగు పెట్రోలు మీద నడపవద్దు. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్.-6 నియమాలు వచ్చిన తరువాత చాలా బండ్లకు కార్బొరేటరు బదులు ట్యాంకులోనే పంపు, ఇంజెక్టరు ఉంటున్నవి. ఆ పంపుకు చల్లదనం ఇచ్చేది చుట్టూ ఉన్న పెట్రోలే. వాటిలో మడ్డి పడితే ఖర్చు మరింత ఎక్కువ.

6. సీసాలలో, పురుగుమందు డబ్బాలలో పెట్రోలు తెచ్చి పోయవద్దు. అది ప్రాణాపాయం, ట్యాంకులోనికి మురికి కూడా. బంకులో అనుమానం వస్తే ఫిల్టరు కాగితం పరీక్ష, ఐదు లీటర్ల కొలత పరీక్ష అడిగే హక్కు మీకు ఉన్నది. మర్యాదగా అడగండి.

బండి సంగతి ఇంతే. మా సంగతి ఇంకా మిగిలి ఉన్నది.

ట్యాంకు విప్పినది శుక్రవారం. ఆ ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం. ఆ రాత్రి బోధ సిద్ధపరచుకొనడానికి కూర్చున్నాము గాని, మత్తయి సువార్త అయిదవ అధ్యాయం దగ్గర చేయి ఆగిపోయింది. బలిపీఠము యొద్ద అర్పణ పెట్టబోయేవాడు తన మీద సహోదరునికి ఏమైనా విరోధము ఉన్నదని జ్ఞాపకము వస్తే ముందు వెళ్ళి సమాధానపడి రమ్మని ప్రభువు అక్కడ నేర్పాడు. ఎంతమందికి మేము దానిని బోధించలేదు! ఆ కుర్రవాడు మన సంఘములో లేడు గనుక ఆ మాట వర్తించదని మనస్సు ఒక ప్రక్క చెప్పింది. ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి చెప్పితే సరిపోతుందని మరొక ప్రక్క చెప్పింది. అప్పుడు మా ఇంటావిడ, "పదిమందిలో అన్న మాటను చాటున వెనక్కి తీసుకుంటే, ఆ పదిమందికీ అతను దొంగగానే మిగిలిపోతాడు కదండీ" అన్నది.

శనివారం ఉదయం షెడ్డుకు వెళ్ళాము. ముందు రెండు బండ్లు నిలబడే చోట ఆ రోజు ఒక్కటీ లేదు. పాస్టరే దొంగ అన్నాడంటే ఎవరు వస్తారు? ప్రక్కన టీ కొట్టు వద్ద అంగడి నాడు ఉన్నవారే కొందరు కూర్చొని ఉన్నారు. వారిని కూడా పిలిచి, ఆ సీసాను బల్ల మీద పెట్టి చెప్పాము. "ఈ తుప్పు మా ట్యాంకులోది. ఇతడు వేసిన సామాను మంచిదే. ట్యాంకు కడుగుదామని ఇతడు ముందే చెప్పితే మేమే వినలేదు. అబద్ధపు నింద వేసాము. తమ్ముడూ, మమ్మల్ని క్షమించు."

అతడు చాలాసేపు మాట్లాడలేదు. స్పానరును గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. చివరకు, "మీరు తిట్టిన నాడు మా అమ్మ బువ్వ తినలేదు అయ్యగారు" అన్నాడు. అంతే. క్షమించానని అనలేదు. మేమూ అనమని అడగలేదు. ఆ తల్లి దగ్గరకు కూడా వెళ్ళి అదే మాట చెప్పి వచ్చాము. ట్యాంకును అతని చేతనే కడిగించాము. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కూడికలకు నడిచి వెళ్ళాము. మేము ఆ ఊరి నుండి బదిలీ అయ్యేవరకు ఆ కార్బొరేటరును మళ్ళీ విప్పవలసిన అవసరం రాలేదు.

రాజుల రెండవ గ్రంథము రెండవ అధ్యాయంలో యెరికో పట్టణస్థులు ఎలీషా వద్దకు వచ్చి నీళ్ళు మంచివి కావని మొర పెట్టుకొన్నారు. ఆ ప్రవక్త ఇంటింటి కుండలను బాగు చేయలేదు. క్రొత్త పాత్రలో ఉప్పు తెమ్మని, నీటి ఊట ఉన్న చోటికే వెళ్ళి అక్కడ వేసాడు. దేవుడు ఆ ఊటనే బాగు చేసాడు. ఎక్కడ పుట్టినదో అక్కడికి వెళ్ళడమే ప్రవక్త మనకు నేర్పిన పాఠము.

మన ఇండ్లలో కూడా ఎన్నోసార్లు నీడిల్ మార్చుతున్నాము గాని ట్యాంకు విప్పడం లేదు. ఒక అప్పు తీర్చడానికి ఇంకొక అప్పు తెస్తాము, ఇంటి ఖర్చు లెక్క మాత్రం భార్యాభర్తలు కూర్చొని వ్రాసుకోరు. పిల్లవాడు చదవడం లేదని ట్యూషను మార్చుతాము, రాత్రి పది వరకు ఇంట్లో జరిగే జగడాన్ని ఆపము. కోడలు సరిగా లేదంటాము, అల్లుడు సరిగా లేడంటాము. కనబడిన చోట తప్పు పట్టడం సులభం. లోపలికి టార్చిలైటు వేయడం కష్టం, ఎందుకంటే అక్కడ కనబడే తుప్పు తరచుగా మనదే.

ఆ వృద్ధుని చివరి ప్రార్థనకు అందలేకపోయిన బాధ మాకు ఇంకా ఉన్నది. ఆ రాత్రి పొరపాటును దిద్దుకొనే వీలు లేదు. అంగడిలో అన్న మాటను మాత్రం, ఆలస్యమైనా, అన్న చోటనే దిద్దుకొనే కృప ప్రభువు ఇచ్చాడు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ రెండు ప్రశ్నలను గూర్చి మాట్లాడుకొనండి.

మన ఇంట్లో మళ్ళీ మళ్ళీ పాడవుతున్నది ఏది? అది నిజంగా ఎక్కడ మొదలవుతున్నది?

మనము పదిమందిలో నింద వేసి, ఇంకా పదిమందిలో వెనక్కి తీసుకోని మాట ఏదైనా ఉన్నదా?

ప్రభువు మీ ప్రయాణములన్నిటిలో మీకు తోడై యుండి, మిమ్మును క్షేమముగా ఇల్లు చేర్చును గాక. ఆమెన్.